సీతాబాయి పది గోలీలు

లారీకి ఫిట్‌నెస్ కాగితం కావలసి వచ్చినప్పుడు నీళ్ళ ట్యాంకర్ల వాళ్ళు చేసే పని ఒకటుంది. అరిగి నున్నబడిన టైర్లు విప్పేసి, తెలిసినవాడి బండి నుంచి మంచి టైర్లు ఒక్క రోజుకి తెచ్చి బిగిస్తారు. వెనక ఎర్రదీపం, పక్కన అద్దం కూడా అలాగే వస్తాయి. తనిఖీ అయిపోతుంది. సాయంత్రానికి ఎవరి టైర్లు వాళ్ళకి పోతాయి. మర్నాడు పొద్దున మళ్ళీ ఆ నున్నటి టైర్ల మీదే పదివేల లీటర్ల నీళ్ళు అమీర్‌పేట గల్లీల్లోకి దిగుతాయి.

రాజనర్సయ్య ఈ పని చాలాసార్లు చేశాడు. తప్పని ఎప్పుడూ అనుకోలేదు. బండి నడవాలి, కాగితం ఉండాలి, అంతే. రెండు వేల ఐదు ఎండాకాలంలో తన ఒంటికి కూడా అదే పని చేశాడు. ఆ టైర్లు మాత్రం వాపసు ఇవ్వడం కుదరలేదు.

అతనిది మెదక్ వైపు. ఊళ్ళో మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. పట్నం వచ్చి, ఇంకొకరి బోరులో నీళ్ళు మోసే పనిలో కుదిరాడు. అప్పటికి ఆ సీట్లో పదకొండేళ్ళు. బల్కంపేటలో ఒక్క గది ఇల్లు. భార్య సీతాబాయి ఎస్.ఆర్. నగర్‌లో వసుమతి గారి ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. కూతురు నవీనకి పెళ్ళై కరీంనగర్‌లో ఉంటోంది.

పొద్దున ఐదున్నరకి బోరబండ బోరు దగ్గర మొదటి ట్రిప్పు నిండేది. ఏడు లోపల ఎస్.ఆర్. నగర్‌లో రెండు హాస్టళ్ళు, తర్వాత మైత్రీవనం వెనక మూడు, మధ్యాహ్నం పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంటు. సాఫ్ట్‌వేర్ అనే మాట విని అన్ని జిల్లాల పిల్లలూ బస్సులెక్కిన రోజులవి. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ గోడలమీద ఖాళీ లేకుండా కాగితాలు అంటించేవారు. గదికి ఆరుగురు చొప్పున పడుకునే పిల్లలు ఏడింటికల్లా బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడేవారు. పావుగంట ఆలస్యమైతే హాస్టళ్ళ నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

"నర్సయ్యా, ఎక్కడున్నావ్?"

ఎక్కడుంటాడు? అమీర్‌పేట చౌరస్తాలో ఉంటాడు. ముందు బస్సు, పక్కన ఆటో, దారి లేదని తెలిసీ వెనక హారన్ కొట్టే కారు. కంప్యూటర్ భాషలన్నీ నేర్పే ఆ చోటికి, అక్కడి పిల్లలు మొహం కడుక్కునే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుసుకునే తీరిక మాత్రం ఉండేది కాదు.

వెనక పదివేల లీటర్ల నీళ్ళు పెట్టుకుని రాజనర్సయ్య పొద్దుటి నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా గుక్కెడు నీళ్ళు తాగేవాడు కాదు. తాగితే దిగాలి. దిగితే ఎక్కడికి పోవాలి? బండి రోడ్డు మీద వదిలితే పోలీసు వస్తాడు. పైపు సంపులో వేసి పక్కకి పోతే సంపు పొంగి హాస్టల్ వాళ్ళు తిడతారు. అందుకని టీలు, నోట్లో జర్దా పాన్, నడుం నొప్పికి రోజుకి రెండు గోలీలు. ఒక వేలు ఎప్పుడూ హారన్ మీదే. సాయంత్రం ఇంటికొచ్చాక ఎవరు మాట్లాడినా విసుక్కునేవాడు. గిన్నె చప్పుడైతే కూడా తల పగిలిపోయేది.

ఆ ఫిబ్రవరిలో సీతాబాయిని బస్తీలోని సర్కారు దవాఖానకి తీసుకెళ్ళాడు. ఆమెకి రెండేళ్ళుగా బీపీ. నెలకోసారి ఒకటో తారీకున అక్కడ నెలకి సరిపడా గోలీలు ఇచ్చేవారు. ఆ రోజు రద్దీ లేదు. నర్సు ఆమెకి బీపీ చూసి, చేతికి కట్టిన పట్టీ విప్పుతూ ఇతని వైపు చూసింది.

"అన్నా, నీకు సుత చూస్త, చెయ్యి ఇయ్యి."

"నాకేమైంది?"

"ఏం కాకుంటె మంచిదే గద. ఇయ్యి."

చూసి, మళ్ళీ గాలి కొట్టి రెండోసారి చూసింది. "నూటతొంభై మీద ఉన్నది. నెత్తి నొస్తలేదా?"

"హైదరాబాద్‌ల ఎవలికి నొస్తలేదమ్మా?"

నర్సు నవ్వలేదు. మర్నాడు డాక్టరు ఉంటాడు, తప్పకుండా రమ్మంది. బయటికి రాగానే రాజనర్సయ్య భార్యతో ఒకటే మాట అన్నాడు. "యార్డుల ఎవలికీ తెల్వొద్దు."

దానికి కారణం ఉంది. అంతకు ముందు దసరాకి హనుమాండ్లు అనే డ్రైవర్ని యజమాని తీసేశాడు. హనుమాండ్లుకి బీపీ అని తెలిసింది, అందుకే తీసేశారని ట్యాంకర్లు నిలిపే యార్డులో అందరూ అనుకున్నారు. యజమానిని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. రాజనర్సయ్య మర్నాడు డాక్టరు దగ్గరికి పోలేదు.

మే నెలలో అతని హెవీ లైసెన్సు గడువు వచ్చింది. మూడేళ్ళకోసారి డాక్టరు సంతకంతో కాగితం పెట్టాలి. అది లేకపోతే సీటు లేదు. సీటు పోతే నలభై ఆరేళ్ళ వయసులో అతన్ని పిలిచి పని ఇచ్చేవాడు లేడు. ట్యాంకర్ల యజమాని హనుమత్ప్రసాద్ గారు తాపీగా మాట్లాడే మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు.

"ఈసారి ఊరికే సంతకాలు కాదు నర్సయ్యా. పంజాగుట్టలో మాకు తెలిసిన డాక్టరు గారున్నారు, అక్కడికి వెళ్ళు. పట్టీ కట్టి చూసి మరీ రాస్తారంట. ఒంట్లో ఏమన్నా ఉంటే ముందే చెప్పు."

"ఏం లేదు సార్. గుండ్రాయి లెక్కున్న."

ముందే చెప్పు అన్న ఆ రెండు మాటలూ తర్వాత ఎన్ని వందలసార్లు చెవిలో వినిపించాయో లెక్కలేదు. అప్పుడు మాత్రం అవి అతనికి బెదిరింపులాగే వినిపించాయి.

ఇంటికి పోయి, గూట్లో ఉన్న గోలీల అట్ట తీసి చూశాడు. ఇరవయ్యో తారీకు. ఇంకా పది మిగిలాయి.

"ఏమే, గివి పది దినాలు నేనేసుకుంట. డాక్టర్ చూసేనాటికి నంబర్ దిగుతది."

సీతాబాయి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట దింపలేదు. "నడుమల ఆపొద్దన్నది నర్సమ్మ."

"పది దినాలె గద. ఒకటో తారీకు మళ్ళ ఇస్తరు. నువ్వేమన్న స్టీరింగ్ పట్టుకుంటవా?"

"ఎనభై మందికి అన్నం వారుస్తున్న. అది స్టీరింగ్ కంటె అల్కగుంటదనుకున్నవా?"

అతను అట్టని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. కాసేపయ్యాక ఆమే అంది. "తీస్కో. నీ కాగితం రాకుంటె ఇద్దరం కూసోవాలె. గా హాస్టల్ పిల్లల లెక్క నువ్వు సుత పరీక్షకు తయారైతున్నవ్."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ తీసుకున్న సంగతే తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది. కొట్టి లాక్కున్నా ఇంతకంటే నయంగా ఉండేదనిపించేది.

వేరే కొనుక్కోవచ్చు కదా అంటే, ఆ ఆలోచన రాక కాదు. యార్డు పక్క మందుల షాపు చక్రపాణికి నోట్లో మాట దాగదు. సరే, ఊళ్ళో అదొక్కటే షాపు కాదు. పంజాగుట్టలో అడుగడుక్కీ ఒకటుంది. ఇంట్లో ఉండగా ఎందుకులే అనుకున్నాడు. ఇంట్లో ఉన్నవి ఎవరివో ఆలోచించలేదు. టైర్లు ఇచ్చిన బండి ఆ ఒక్క రోజూ షెడ్డులో నిలబడి ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. సీతాబాయి నిలబడి లేదు. పొద్దున నాలుగున్నరకే పొయ్యి ముందు ఉండేది. ఆ తేడా రాజనర్సయ్యకి తట్టలేదు.

గోలీలు పనిచేశాయి. మూడో రోజుకి మెడ నరాల బిగువు తగ్గింది. ఐదో రోజు అమీర్‌పేట చౌరస్తాలో పావుగంట ఆగినా హారన్ కొట్టాలనిపించలేదు. చాలా ఏళ్ళ తర్వాత రాత్రి నిద్ర పట్టింది. పక్కన సీతాబాయి తలకి గుడ్డ కట్టుకుని అటు ఇటు దొర్లుతోంటే, "ఎండలు మస్తున్నయ్" అన్నాడు. ఆమె "ఊఁ" అంది.

పదకొండో రోజు పొద్దున పంజాగుట్టలో డాక్టరు గది ముందు పదిహేను మంది డ్రైవర్లు. ఫ్లైఓవర్ పనుల దుమ్ము అందరి మీదా పడుతోంది. లోపల డాక్టరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో స్థలం గురించి మాట్లాడుతున్నాడు.

"పేరు? వయసు? ఆ గోడ మీద అక్షరాలు కనిపిస్తున్నాయా?"

"కనపడుతున్నయ్ సార్."

సంతకం. ముద్ర. "నెక్స్ట్."

బీపీ చూసే పట్టీ బల్ల మూల చుట్టచుట్టి ఉంది. దాని మీద దుమ్ము. రాజనర్సయ్య చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచి పెట్టుకుని ఉన్నాడు. డాక్టరు ఆ చెయ్యి వైపు కూడా చూడలేదు. బయటికొచ్చి చెయ్యి దింపుకుంటూ, అనవసరంగా ఇంత భయపడ్డానని తనలో తనే నవ్వుకున్నాడు. కాగితం జేబులో పెడుతుండగా ఫోను మోగింది. వసుమతి గారు.

"నర్సయ్యా, సీతాబాయి వంటగదిలో పడిపోయింది. మాట రావట్లేదు. ఆటోలో నిమ్స్ ఆస్పత్రికి తీసుకొస్తున్నాను. నువ్వు పంజాగుట్టలోనే ఉన్నావు కదా, గేటు దగ్గరికి వచ్చెయ్."

పరిగెత్తుకుని పోయాడు. అతనే ముందు చేరాడు. ఆటో ఆగినప్పుడు ఆమె మూతి ఒక పక్కకి పోయి ఉంది. కుడిచెయ్యి బియ్యపు పిండితో తెల్లగా, సీటు మీది నుంచి కిందికి వేలాడుతోంది.

లోపల పెద్ద డాక్టరు అడిగాడు. "బీపీకి మందులు వాడుతోందా?"

"వాడుతది సార్."

"మధ్యలో ఆపిందా? ఈ రకం గోలీలు ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. అందుకే అడుగుతున్నా."

"అయిపోయినయ్ సార్," అన్నాడు రాజనర్సయ్య. పక్కన వసుమతి గారు నిలబడి ఉంది. ఆమె ముందు ఇంకో మాట చెప్పడానికి నోరు రాలేదు. జేబులో కాగితం అతను ఆరోగ్యంగా ఉన్నాడని చెబుతోంది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట నాలుగు నెలలకి వచ్చింది కానీ ముద్దగా వచ్చేది. హాస్టల్లో వేరే మనిషి వంటకి కుదిరింది. వసుమతి గారు రెండుసార్లు పళ్ళు తీసుకుని వచ్చింది. మూడోసారి రాలేదు. ఎనభై మంది పిల్లల్లో అన్నం ఎవరు వండుతున్నారో మారిన సంగతి ఎంతమంది గమనించారో తెలియదు.

హనుమత్ప్రసాద్ గారు పది రోజులు సెలవిచ్చాడు. తిరిగి వెళ్ళినప్పుడు రాజనర్సయ్య ఆయన ముందు నిలబడి, తనకి కూడా బీపీ ఉందని, తీసేస్తే తీసేయమని చెప్పేశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకూ ఉందయ్యా, పదేళ్ళుగా. మందు వేసుకో. దానికి తీసెయ్యడం ఏంటి?"

"హనుమాండ్లును గందుకే గద సార్..."

"హనుమాండ్లుకి కళ్ళు మసక. ఆపరేషన్ చేయించుకోమంటే వినలేదు. రెండు గేట్లు గుద్దాడు. బీపీ అని ఎవరు చెప్పారు నీకు?"

రాజనర్సయ్య ఆ రోజు బండి ఎక్కి, తాళం తిప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు. డాక్టరు చూడనే లేదు. యజమాని తీసేసేవాడే కాదు. భయపడవలసిన చోట భయం లేకుండా, అవసరం లేని చోట వణికి, మధ్యలో సీతాబాయి చెయ్యి పోగొట్టాడు.

నిమ్స్‌లో సీతాబాయికి వ్యాయామం చేయించే అమ్మాయి పేరు మంజూష. రాజమండ్రి నుంచి వచ్చింది, గట్టిగా మాట్లాడుతుంది. ఒకరోజు ఇతన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ కట్టింది.

"నూటఎనభై ఆరు. ఏంటండీ ఇది? ఆవిణ్ణి పట్టుకుని నడిపించాల్సింది మీరు. మీరూ పడిపోతే ఇద్దర్నీ నేను నడిపించలేను. నీళ్ళెన్ని తాగుతారు రోజుకి?"

చెప్పాడు. ఎందుకు తాగడో కూడా చెప్పాడు. ఆ అమ్మాయి పట్టీ విప్పబోతూ ఆగింది. "నీళ్ళ బండి నడుపుతూనా?" అని మాత్రం అంది. నడుం నొప్పి గోలీలు కూడా ఆపమంది, అవి బీపీని పెంచుతాయట. డాక్టరు దగ్గరికి పంపి అతని పేరు మీద మందు రాయించింది.

అసలు పని అప్పుడు మొదలైంది. గోలీ వేసుకోవడం అందులో తేలిక భాగం. పాన్ మానడానికి ఎనిమిది నెలలు పట్టింది, రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాడు. జొన్నరొట్టె కాల్చడం ఒంటిచేత్తో సీతాబాయి నేర్పించింది. మొదటి నెల అవి రొట్టెల్లా లేవు, పగిలిన పెంకుల్లా ఉన్నాయి. నీళ్ళ సంగతికి మాత్రం అడగక తప్పలేదు. పదకొండేళ్ళు వాళ్ళ సంపులు నింపినవాడు వసుమతి గారి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, రోజు ఒకసారి బాత్రూం పోనిస్తరా?"

"ఆడపిల్లల హాస్టల్ కదా నర్సయ్యా, ఎలా కుదురుతుంది?" అని, లోపలికి రెండడుగులు వేసి ఆగింది. సీతాబాయి గుర్తొచ్చిందో ఏమో, తిరిగొచ్చి వాచ్‌మన్ బాత్రూం తాళంచెవి ఇచ్చింది. "ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

అతను తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అడగకపోవడమే తన బతుకులో అన్నిటికంటే పెద్ద తప్పని అప్పటికి తెలుసు. అయినా గేటు దగ్గర నిలబడి చెప్పే మాట కాదది.

రోజూ సాయంత్రం సీతాబాయిని పట్టుకుని బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా నడిపించేవాడు. మొదట కరెంటు స్తంభం దాకా, తర్వాత కిరాణా కొట్టు దాకా, ఏడాదికి గుడి దాకా. ఆమె అడుగుకి తన అడుగు కలపాలి కాబట్టి తొందరపడే వీలు లేదు. పదిమంది దాటిపోతుంటే పక్కకి తప్పుకోవడం అక్కడ అలవాటైంది. ఆ అలవాటు మెల్లగా చౌరస్తాలోకి కూడా వచ్చింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వెనక కార్లు హారన్లు కొడుతుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "పోదాం భాయ్, నేనొక్కన్ని ఎగిరి పోతనా?" అనేవాడు.

సీతాబాయి ఆ పది గోలీల మాట ఎప్పుడూ ఎత్తలేదు. నవీన వచ్చి, "అమ్మ గోలీలెందుకు బంద్ చేసింది నాయిన?" అని అడిగినప్పుడు కూడా, ముద్ద మాటతో "మర్చిన" అని చెప్పింది ఆమే. రాజనర్సయ్య పక్కనే ఉన్నాడు. లేచి కూతురికి టీ పెట్టడానికి పోయాడు. ఒకటి మాత్రం మారింది. దవాఖాన నుంచి తెచ్చుకున్న గోలీల అట్టని ఆమె గూట్లో పెట్టడం మానేసింది. కొంగు కొసలో ముడి వేసుకునేది. ముడి ఒంటిచేత్తో పడదు. పంటితో పట్టుకుని ఎడమచేత్తో లాగేది. అతను సాయం చేస్తానంటే, "వద్దు, నాకొస్తది" అనేది.

రెండు వేల ఎనిమిది మేలో మళ్ళీ లైసెన్సు గడువు వచ్చింది. అదే పంజాగుట్ట, అదే డాక్టరు. బల్ల మాత్రం కొత్తది. పేరు, వయసు, గోడ మీద అక్షరాలు. కలం కాగితం మీదికి వంగింది.

"సార్, పట్టీ కట్టి చూసి రాయండి."

డాక్టరు తల ఎత్తాడు. "ఎందుకయ్యా? బాగానే ఉన్నావుగా."

"నాకు బీపీ ఉన్నది. మూడేండ్ల సంది గోలీలేసుకుంటున్న. చూసి రాయండి."

"ఎక్కువుంటే రాయను మరి. తెలుసా?"

"తెలుసు సార్."

వెనక డ్రైవర్ ఒకడు గొణిగాడు. "అన్నా, ఆయననే ఇస్తుంటె నీకేం పుట్టింది? జల్ది కానియ్యి." రాజనర్సయ్య వెనక్కి చూడలేదు. చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టాడు. డాక్టరు విసుగ్గా సొరుగులో వెతికి పట్టీ తీశాడు. అది బిగుసుకుంటుంటే, సీటు పోతే ఏం చేయాలో కాదు, మూడేళ్ళ క్రితం ఇదే గదిలో ఈ మాట అడిగి ఉంటే ఏమయ్యేదో అతను ఆలోచిస్తున్నాడు. అప్పుడు అడిగినా ఆమె గోలీలు వెనక్కి వచ్చేవి కావు. కానీ ఆ రోజు చొక్కా చెయ్యి మడుచుకుని నిలబడ్డ తను చూడమని కూడా అడగలేదు. ఎదుటివాడు చూడకపోతే బతికిపోయాననుకుని నవ్వుకుంటూ బయటికి పోయాడు.

"నూటముప్ఫై ఎనిమిది, ఎనభై ఎనిమిది. పర్వాలేదు. మందు మానకు." సంతకం పెట్టి, "నెక్స్ట్" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి సీతాబాయి గడప దగ్గర కూర్చుని ఎడమచేత్తో కందులు ఏరుతోంది.

"చూసిండా?"

"చూసిండు. నేనే చూడమన్న. నూటముప్ఫై ఎనిమిది."

ఆమె ఇంకో గుప్పెడు కందులు ఏరింది. తర్వాత అడిగింది. "నీ గోలీలతోనే గద?"

"నావే. నావే ఏసుకున్న."

"మంచిగైంది," అంది. నిజంగానే సంతోషించింది, మొహంలో తెలిసింది. అలా అంటూనే ఆమె ఎడమచెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ఒకసారి తడిమి, ఉన్నదని చూసుకుని, మళ్ళీ చేటలోకి వచ్చింది.

రాజనర్సయ్య అది చూశాడు. ఆమె పక్కన కూర్చుని కందుల్లో రాళ్ళు ఏరసాగాడు.